బానెట్ కింద ఎవరు చూస్తారు మేష్టారూ?

సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మా ఆవిడ నా చేతులు చూపించి మరీ చెప్పింది: "ఈయన గోళ్ళకున్నది గోరింటాకు కాదండీ, రెడాక్సైడు." నిజమే. డిసెంబరు మొదటి ఆదివారం మొదలుపెట్టిన పని అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. కారు బానెట్ మా హాల్లో గోడకి ఆనించి ఉంది. దాని మీద ఎవరో తడి తువ్వాలు కూడా ఆరేశారు.

కారు 1986 ప్రీమియర్ పద్మిని. పేరుకి పద్మినే గానీ, మా బందరులో దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. 1974లో కంపెనీ ఆ పేరు పెట్టడానికి ముందునుంచే, దాని పాత పేరు ఫియట్ డిలైట్‌గా ఉన్న రోజుల్లోనే, జనం నోట పడిన మాట ఫియట్. ఆ మాటే ఉండిపోయింది. 1089 సీసీ ఇంజిను, స్టీరింగ్ కిందనే హ్యాండ్ గేరు. పదకొండేళ్ళ కిందట ఒక రిటైరైన డాక్టరుగారి దగ్గర కొన్నాను. ఆయనే మొదటి ఓనరు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే కింద నేను చేసిన ఒక తప్పు కెమిస్ట్రీ మేష్టారు చేయకూడనిది.

మా ఊరికి మంగినపూడి బీచి పది, పదకొండు కిలోమీటర్లు. ఉప్పుగాలికి అది ఒక దూరం కాదు. ఇక్కడ గేటు చిలుకులు, కిటికీ ఊచలు, సైకిల్ చైన్లు అన్నీ మిగతా ఊళ్ళకంటే ముందే తుప్పు పడతాయి. కారు పైన మెరుస్తూ కనిపిస్తున్నా బానెట్ ఎత్తితే చూడబుద్ధేసేది కాదు. బ్యాటరీ ట్రే చుట్టూ రంగు బుడగలు లేచి, వేలితో నొక్కితే పెచ్చులు రాలేవి. ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజినుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య అడ్డురేకు మీద, నూనె, దుమ్ము కలిసి నల్లటి పేస్టులా గడ్డకట్టింది.

మా మేస్త్రికి చూపించాను. డెబ్బై దాటిన మనిషి, ఫియట్ల కాలం నుంచి ఫియట్లే చూస్తున్నాడు. "బానెట్ కింద ఎవరు చూస్తారు మేష్టారూ? నడుస్తోందిగా, వదిలేయండి" అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో అడిగితే, ఇంజిను దింపి, మొత్తం గీకి, స్ప్రే గన్‌తో పెయింటు కొడితే పద్దెనిమిది వేలన్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు షెడ్ల మీద నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను. ఏడేళ్ళ కిందట వేరే షెడ్డులో కారుకి పెయింటు వేయించినప్పుడు "లోపల కూడా ఒక చేయి వేస్తాం" అన్నారు. వేశారు. జిడ్డు తుడవకుండా, మట్టి దులపకుండా, వైర్ల మీదా రబ్బరు పైపుల మీదా కలిపి ఒకే చేయి వేశారు. ఆ పెయింటే ఇప్పుడు నా గోటికి అప్పడంలా లేచి వస్తోంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఇంజిను దింపకుండా, గన్ లేకుండా, కుంచెతో నేనే వేస్తానని.

ఇంకో కారణం కూడా ఉంది. ఫియట్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీ రేకే ఎముకలు కూడా. లోపలి మడ్‌గార్డు రేకు తుప్పు తింటే పోయేది అందం కాదు, ముందు చక్రాల బరువు మోసే చోటు. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఇక ఈ బండికి కొత్త రేకు కావాలంటే ఏ పాత బండినో కోసి తేవాలి. ఉన్న రేకుని కాపాడుకోవడమే తేలిక.

మొదటి ఆదివారమంతా విప్పడానికే పోయింది. ముందు బ్యాటరీ. తర్వాత హారన్లు, ఎయిర్ క్లీనరు, కాయిలు, ఫ్యూజు బాక్సు, వాషర్ డబ్బా. బోల్టులు కలిసిపోకుండా బందరు హల్వా డబ్బాలు వాడాను. మా ఇంట్లో వాటికి కొరత లేదు. డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో "హారన్లు - 4", "కాయిల్ - 2" అని రాసుకున్నాను. విప్పే ముందు ప్రతి మూలా ఫోన్లో ఫొటో తీశాను. ఏ వైరు ఏ రంగుదో రాసి టేపు చుట్టాను. ఈ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకుంటాను. నెలన్నర తర్వాత తిరిగి బిగించేటప్పుడు రెండు వాషర్లు తప్ప ఏమీ మిగల్లేదు. బానెట్‌ని మా అమ్మాయీ నేనూ కలిసి దింపాం. "నాన్నా, ఇది మన బీరువా కన్నా బరువుంది" అంది. అంత లేదు గానీ, మోసినంతసేపూ నాకూ అలాగే అనిపించింది.

బ్యాటరీ ట్రే తీసి చూస్తే కింద రేకు మీద తెల్లటి పొడి. బ్యాటరీలోంచి చిమ్మిన యాసిడ్ ఏళ్ళ తరబడి రేకుని తింటూ మిగిల్చిన ఎంగిలి అది. ఇక్కడ నేరుగా పెయింటు వేస్తే ఆరు నెలలు కూడా నిలవదు, రంగు కింద యాసిడ్ తన పని చేసుకుంటూనే ఉంటుంది. వంటసోడా నీళ్ళలో కలిపి పోశాను. బుసబుసా పొంగింది. పొంగు ఆగేదాకా మూడుసార్లు పోశాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. తటస్థీకరణ చర్య గురించి పాఠం ఎత్తబోతే, "నాన్నా, ఆదివారం" అని లోపలికి వెళ్ళిపోయింది.

జిడ్డు వదిలించడం అన్నిటికంటే విసుగు పని. పూర్వం మేస్త్రులు కిరోసిన్ వాడేవాళ్ళు. ఇప్పుడు కిరోసిన్ దొరకడం గగనం కాబట్టి డీజిల్ తెచ్చాను. పాత టూత్‌బ్రష్షులు, ఒక పుల్ల, బోలెడు పాత బనియన్లు. డీజిల్‌తో నానబెట్టి, పుల్లతో గీకి, తుడిచి, తర్వాత సబ్బునీళ్ళతో కడగాలి. డీజిల్ తనే ఒక జిడ్డు, దాన్ని వదిలిస్తే గాని పెయింటు అంటదు. నీళ్ళు పోసేముందు కార్బొరేటర్ నోటికీ, డెల్కోకీ ప్లాస్టిక్ సంచి కట్టాను. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటరు. ఆ మాట మా మేస్త్రి దగ్గర నేర్చుకున్నదే, ఇప్పుడు నా నోటికీ అదే వస్తుంది. చివర్లో తెల్ల గుడ్డకి థిన్నర్ అద్ది తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. నాకు నాలుగు గుడ్డలు పట్టాయి.

గీకుతుంటే కారు జాతకం బయటపడింది. పైన షెడ్డువాళ్ళ ఐవరీ. దాని కింద లేత ఆకుపచ్చ. దాని కింద మళ్ళీ ఐవరీ. ఆర్‌సీలో రంగు ఐవరీ అనే ఉంది, మరి మధ్యలో ఈ ఆకుపచ్చ ఎక్కడిది? డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు నవ్వారు. వాళ్ళావిడ ముచ్చటపడితే ఒకసారి ఆ రంగు వేయించారట. ఆర్‌సీలో మార్పించలేదట. 2001లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడని భయపడి మళ్ళీ ఐవరీ చేయించారట. "లోపల కూడా మార్పించానే" అన్నారు. లోపల మార్చలేదు డాక్టరుగారూ, పదిహేడేళ్ళ తర్వాత నేను పంపిన షెడ్డువాళ్ళు దాని మీద ఐవరీ కొట్టారంతే. ఆ మాట ఆయనతో అనలేదనుకోండి.

ఆ రెన్యువల్ భయం నాకూ ఉంది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రెన్యువల్ తప్పదు. అప్పుడు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. ఆ అంకెల గాడుల్లో పెయింటు నిండితే అచ్చు సరిగా రాదు, తర్వాత ఆ అంకెలు ఎవరో దిద్దారన్న అనుమానం కూడా రావచ్చు. అందుకే ఆ అంకెల మీదా, కంపెనీ ప్లేటు మీదా వాజలైన్ రాశాను. వాజలైన్ ఉన్నచోట పెయింటు పట్టదు, పడినా గుడ్డతో వచ్చేస్తుంది. రబ్బరు పైపులకీ, బ్రేక్ పైపులకీ, విప్పలేని బోల్టు తలలకీ అదే మందు. వైరింగ్ మొత్తానికి చపాతీలకి చుట్టే ఫాయిల్ చుట్టాను. మాస్కింగ్ టేపు అంత గుండ్రటి కట్టకి అతకదు. ఫాయిల్ అయితే నొక్కినట్టు కూర్చుంటుంది.

తుప్పు దగ్గర కాసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే.

మా అమ్మ పుట్టిల్లు పెడన. మేనమామ కలంకారీ అద్దకం పనిలో ఉండేవాడు. చిన్నప్పుడు సెలవులకి వెళితే కరక్కాయ నీళ్ళ వాసనే ముందు పలకరించేది. గుడ్డని కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరేస్తారు. నల్ల రంగు వేరే కుండలో తయారవుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు చూడటానికి మామూలు గోధుమరంగు. అచ్చు మీద అద్ది కరక్కాయ పట్టించిన గుడ్డకి తాకిస్తే కళ్ళముందే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే ఆ నలుపు. పాతకాలపు కరక్కాయ సిరా కూడా అదే. ఇప్పుడు బజారులో అమ్మే కొన్ని తుప్పు మందుల్లో ఉండేది కూడా టానిక్ యాసిడ్డే. తుప్పుని నల్లటి, నీళ్ళకి కరగని పొరగా మార్చేస్తుంది.

ఇది తెలిసి ఊరికే కూర్చోలేక, ఆయుర్వేదం కొట్టులో కరక్కాయలు కొని, దంచి, కాచి, పాత తలుపు బందు మీద పూశాను. అరగంటలో నీలినలుపు. మా ఆవిడని పిలిచి చూపించాను. "బావుంది. కారుకి మాత్రం కొట్లో మందే వాడండి" అంది. అదే చేశాను. నేను కాచిన కషాయంలో టానిన్ ఎంతుందో కొలిచే వీలు నాకు లేదు. పెచ్చులన్నీ తీగ బ్రష్‌తో రాలగొట్టి, లోతు గుంటల్లో మాత్రం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు రాసి, రేకు బూడిదరంగుకి తిరిగాక కడిగి, అప్పటికప్పుడు ఆరబెట్టాను. మా ఊళ్ళో కడిగిన ఇనుము రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యరు ఆ రోజు నుంచి నా సామాన్లలో చేరింది.

ఒక జాగ్రత్త. పాత పెయింటుని పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు ముందు పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఉండటం మామూలు. ఏది ఎంత పాతదో తెలియని రంగుని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దడమే మేలు. నేను 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 320 నంబరు దాకా తడిగానే రుద్దాను. మాస్కు పెట్టుకునే.

ఇక పెయింటు. షెడ్లలో గన్‌తో కొట్టేవి రెండు రకాలు. ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ పెయింటు, థిన్నర్ ఎగిరిపోగానే ఆరుతుంది. కుంచె ఒకసారి లాగి రెండోసారి అదే చోట పెడితే అప్పటికే బిగుసుకుని ఉంటుంది, పైగా కొత్త కోటు కింది కోటుని కరిగించేస్తుంది. కుంచెకి అది పనికిరాదు. రెండోది టూకే, అంటే పెయింటూ హార్డెనరూ రెండూ కలిపి వాడేది. గట్టిదే, మెరుపూ బావుంటుంది. కానీ గట్టిపడటానికి కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి గాలి అందించే మాస్కు లేకుండా దాన్ని ఇంట్లో కొట్టడం ఊపిరితిత్తులతో ఆట. పైగా గోడ అవతల పక్కింటి పిన్నిగారు బట్టలారేస్తారు.

మిగిలింది మన తలుపులకీ కిటికీలకీ వేసే ఎనామిల్. నవ్వకండి. కుంచె కోసమే పుట్టిన పెయింటు అది. నెమ్మదిగా ఆరుతుంది, అందువల్ల కుంచె గీతలు ఆరేలోపు తమంతట తాము సర్దుకుంటాయి. టర్పెంటైన్ ఎగిరిపోవడంతో దాని పని అయిపోదు, గాలిలో ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది. అది రోజుల తరబడి సాగుతుంది. నూనె, గ్రీజు తగిలినా తుడిస్తే పోతాయి. రెండు చోట్ల మాత్రం నమ్మకూడదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద వేస్తే మాడిపోతుంది. బ్రేక్ ఆయిల్ పడితే బొబ్బలెక్కి ఊడుతుంది. బ్రేక్ ఆయిల్ ఎనామిల్‌నే కాదు, చాలా రంగుల్ని తింటుంది, పడిన వెంటనే నీళ్ళతో కడగడమే మార్గం.

కొట్టువాడు తెల్లది తీసుకోమన్నాడు, "లోపల వెలుతురొస్తుంది సార్" అని. తెల్ల ఎనామిల్‌కి ఒక గుణం ఉంది. వెలుగు తగలని చోట అది పసుపెక్కుతుంది. మా ఇంట్లో దేవుడి అల్మరా తలుపు బయటివైపు తెల్లగా ఉంటే, లోపలివైపు పాత కాగితం రంగుకి తిరిగింది. బానెట్ మూసి ఉండే చీకట్లో, ఆ వేడిలో, తెలుపు ఎన్నాళ్ళుంటుంది? ఐవరీ అయితే ముందే కాస్త పసుపు కాబట్టి మారినా తెలియదు. ఆర్‌సీ, కెమిస్ట్రీ రెండూ ఒకే రంగు చెప్పడం నా అదృష్టం.

రెడాక్సైడు ప్రైమరు రెండు చేతులు, మధ్యలో ఒక రోజు ఎడం. గుంటలున్న చోట లప్పం పెట్టమని మేస్త్రి సలహా. బ్యాటరీ కింద ఒకే ఒక్కచోట పెట్టాను, మిగతాచోట్ల వద్దనుకున్నాను. ఇంజిను అదురుకి మందంగా పెట్టిన లప్పం పగులుతుంది, పగులులో నీరు చేరుతుంది. గుంట కనబడితే కనబడనీ.

కుంచెలు మూడు: అంగుళంది, అరంగుళంది, మా అమ్మాయి చిన్నప్పటి డ్రాయింగ్ బ్రష్షు. వెడల్పు చోట్లకి రెండంగుళాల స్పాంజి రోలరు. కొత్త కుంచె వెంట్రుకలు రాలుస్తుంది, అందుకని ఒక రాత్రి టర్పెంటైన్‌లో ఉంచి, పొద్దున్నే గరుకు కాగితం మీద ఇరవైసార్లు లాగి, రాలేవన్నీ ముందే రాలనిచ్చాను. అయినా రెండు వెంట్రుకలు పెయింట్లో శాశ్వతంగా ఉండిపోయాయి, ఒకటి కాయిలు పక్కనే.

వేసే పద్ధతి మా వీధి చివర ఉండే ఇంటి పెయింటరు చూపించాడు. డబ్బాలో కుంచె మూడోవంతే ముంచాలి. ముందు అడ్డంగా పరిచి, తర్వాత నిలువుగా సర్ది, చివర్లో కుంచె బరువు మాత్రమే ఆనేలా పైనుంచి కిందికి ఒక్కసారి లాగి వదిలేయాలి. వదిలేశాక మళ్ళీ ముట్టుకోకూడదు. "ఇంకొక్కసారి అని చెయ్యి పెట్టారా, పాడైనట్టే సార్" అన్నాడు. ఆ ఇంకొక్కసారి నేను కనీసం యాభైసార్లు పెట్టుంటాను. చలికి పెయింటు చిక్కగా ఉంటే టర్పెంటైన్ ఎక్కువ పోసి పల్చన చేశాను, అది మడ్‌గార్డు అంచున కన్నీళ్ళలా కారింది. డబ్బాని వేన్నీళ్ళ గిన్నెలో పది నిమిషాలు పెడితే చాలు, దానంతటదే పల్చబడుతుందని ఆ కుర్రాడే తర్వాత చెప్పాడు. కెమిస్ట్రీ నాది, తెలివి అతనిది.

మొదటి కోటు సెలవులకి ముందు ఆదివారం. ధనుర్మాసం మంచు రాత్రిపూట పడితే ఎనామిల్ మెరుపు చచ్చిపోతుంది కాబట్టి పొద్దున పదికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి ముగించాను. బాగా వచ్చింది. ఆ ధీమాతో రెండో కోటు భోగికి ముందురోజు పెట్టుకున్నాను. అదీ ఒంటిగంటకి అయిపోయింది. రాత్రికి వేలు ఆనిస్తే కాస్త అంటుకుంటోంది, పొద్దుటికి సర్దుకుంటుందిలే అని పడుకున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి మా వీధి పిల్లలు భోగి మంట వేశారు. పాత కుర్చీలు, తాటాకులు, ఎవరో ఒక సైకిల్ టైరు కూడా వేసినట్టున్నారు. మా రేకుల షెడ్డుకి రెండు వైపులే గోడలు. లేచి వెళ్ళేసరికి నా ఐవరీ ఫైర్‌వాల్ మీద నల్ల నువ్వులు చల్లినట్టు మసి. భోగిపళ్ళు పోసినట్టుంది అని మా ఆవిడ అంటే, ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదు. తడి పెయింటు మీద పడ్డదాన్ని తుడవబోతే మరకవుతుందని తెలిసి కూడా ఒకచోట తుడిచాను. మరక అయింది.

కోపం ఎవరి మీద? క్యాలెండర్లో భోగి ఎప్పుడో నాకు తెలియదా?

ముట్టుకోకుండా వదిలేశాను. సంక్రాంతి రోజంతా ఆరనిచ్చి, కనుమ నాడు పొద్దున్నే 600 వాటర్ పేపర్‌తో తడిగా, మెల్లగా రుద్దాను. మసి మొత్తం పైపొరలోనే ఉంది, నునుపుగా వచ్చేసింది. కనుమ నాడు కాకి కూడా ప్రయాణం చేయదంటారు. వీధిలో ఒక్క బండి లేదు, దుమ్ము లేదు, ముగ్గుపిండి ఎగరడం కూడా అయిపోయింది. అంతకంటే మంచి రోజు నాకు దొరకదు. గారెల కోసం పిలుస్తున్నా వెళ్ళకుండా మూడో కోటు వేసి, అప్పుడు వెళ్ళాను. ఆ కోటే ఇప్పుడు ఉన్నది.

వారం ఆరనిచ్చి అన్నీ బిగించాను. హల్వా డబ్బాలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే వచ్చే ఆనందం వేరు. బ్యాటరీ పెట్టి తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్. సెల్ఫ్ తిరగలేదు, లైట్లు దీపం వత్తుల్లా ఎర్రగా వెలిగాయి. బ్యాటరీ డౌన్ అయిందనుకుని చార్జింగ్‌కి ఇచ్చి, మర్నాడు తెచ్చి పెడితే మళ్ళీ టక్. వైరింగ్ ఏదో తప్పు కలిపానన్న టెన్షన్‌తో ఫొటోలన్నీ రెండుసార్లు సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి మేస్త్రికి ఫోన్ చేసి ఆ శబ్దం వినిపించాను. ఒకటే అడిగాడు: "ఎర్త్ బిగించే చోట పెయింటు వేశారా?"

వేశాను. మూడు చేతులు ఎనామిల్, రెండు చేతులు ప్రైమరు, ఎంతో శ్రద్ధగా. కారులో కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది బాడీ రేకు మీదుగానే. ఆ ఎర్త్ పట్టీ రేకుని తాకే రూపాయి బిళ్ళంత చోటుని నేను చక్కటి ఇన్సులేటరుతో కప్పేశాను. విద్యుత్ వాహకాలు, బంధకాలు అని ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఎమరీ కాగితంతో ఆ బిళ్ళంత చోటు గీకి, బోల్టు బిగించి, పైన వాజలైన్ రాశాను. ఒక్క తాళానికి స్టార్ట్ అయింది. ఈ సంగతి కాలేజీలో తెలియదు. మా అమ్మాయికి తెలుసు, నోరు మూయించడానికి ఐస్‌క్రీం ఖర్చు వేరే అయింది.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: ఎనామిల్ లీటరు, ప్రైమరు లీటరు, టర్పెంటైన్, కుంచెలు, కాగితాలు, తుప్పు మందు, టేపు, డీజిల్ అన్నీ కలిపి రెండువేల మూడొందలు. పెయింటు సగం మిగిలింది. ఆదివారాలు లెక్కలో వేయలేదు.

ఎలా ఉంది అంటే, గన్‌తో కొట్టినట్టు లేదు. దగ్గర్నుంచి వాలు వెలుగులో చూస్తే కుంచె నడిచిన దారి కనిపిస్తుంది. ఫైర్‌వాల్ మధ్యలో గీతలు నిటారుగా ఉన్నాయి, స్టీరింగ్ రాడ్డు వెనక మాత్రం చెయ్యి దూరక పక్కకి వంగాయి. మడ్‌గార్డు అంచున కారిన కన్నీటి చుక్క ఒకటి రుద్దకుండా వదిలేశాను. కాయిలు పక్కన వెంట్రుక సరేసరి.

మొన్న ప్లగ్గులు చూడ్డానికి మేస్త్రి వచ్చాడు. బానెట్ ఎత్తాడు. స్పానర్ల సంచీ ఎప్పుడూ మడ్‌గార్డు మీద పడేసే మనిషి, చేతిలోనే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత సంచీ కింద పెట్టి, "పాత లుంగీ ఏదైనా ఉంటే ఇవ్వండి మేష్టారూ" అన్నాడు. తెచ్చిచ్చాను. మడ్‌గార్డు మీద పరిచి, దాని మీద వంగి పని మొదలుపెట్టాడు. ప్లగ్గులు తీశాడు, గీకాడు, గ్యాపు చూశాడు, బిగించాడు. పెయింటు గురించి ఒక్క మాట లేదు. నేను అడగలేదు.

చేతులు తుడుచుకుంటూ, వెళ్ళబోయే ముందు, సెల్‌ఫోన్ లైటు వేసి రేడియేటరు కింద అడ్డపట్టీ లోపలి అంచుకి చూపించాడు. అరచేతి పొడవున లేత ఆకుపచ్చ.

"ఇది వదిలేశారు."

మిగిలిన పెయింటు హార్లిక్స్ సీసాలో పోసి ఉంచాను. పైన మీగడ కట్టింది. దాన్ని తీసి పక్కన పెట్టి, డ్రాయింగ్ బ్రష్షు వెతుక్కుని, కారు కింద వెల్లకిలా పడుకున్నాను.